కొండ ఊరికే నిలబడదు

విశాఖపట్నం వెళ్లిన మన వారు సముద్రంలోకి చొచ్చుకు వచ్చిన డాల్ఫిన్స్ నోస్ కొండను చూసి, అందంగా ఉందని మెచ్చుకొని తిరిగి వస్తారు. డాల్ఫిన్ మూతిలా కనిపిస్తుంది గనుక దానికి ఆ పేరు వచ్చింది. దానిపై ఉన్న దీపస్తంభం రాత్రివేళ ఓడలకు దారి చూపుతుంది.

అయితే ఆ కొండ అందానికే పరిమితం కాదు. నైరుతి గాలుల కాలంలో వచ్చే అలల ఉధృతిని అది అడ్డుకుంటుంది. అందుకే ఇంజనీర్లు దాని చాటున 1933లో ఓడరేవు తెరిచారు. ఒడ్డు వెంట కొట్టుకు వచ్చే ఇసుక రేవు ముఖద్వారాన్ని పూడ్చకుండా రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్ట వేయవలసి వచ్చింది. కొండ మాత్రం పైసా ఖర్చు లేకుండా కాపలా కాస్తున్నది.

మన గుట్టలు చేసే పనీ అటువంటిదే. వాన నీటిని వాగులకు, కుంటలకు చేరుస్తాయి. గొర్రెలకు, మేకలకు మేతనిస్తాయి. అటువంటి గుట్టలనే గ్రానైటు కోసం కోసి, దిమ్మెలను కాకినాడ రేవుకు, అక్కడి నుంచి చైనాకు తరలించారు. వేములవాడ చాళుక్యుల నాటి తెలుగు కంద పద్యాలున్న కురిక్యాల బొమ్మలమ్మగుట్టను సైతం క్వారీల బెడద వదలలేదు.

క్వారీల వల్ల కూలి దొరుకుతున్నదన్న మాట నిజమే. కాని ఆ కూలి గుట్ట ఉన్నన్నాళ్లే. తెగిన చెరువు కట్టను మళ్లీ పోసుకోవచ్చు. కోసిన గుట్టను తెచ్చి పెట్టేవారు లేరు. లీజు ఇచ్చే ముందు ఆ గుట్ట నీరు ఏ చెరువుకు చేరుతున్నదో అధికారులు గ్రామసభలో చెప్పాలి. చెప్పకుంటే రైతులే అడగాలి.