‘మాకేం, బాగానే ఉన్నాం!’

అమెరికా తూర్పు తీరంలో ఉండే చాలా తెలుగు ఇళ్లలో ఆదివారం ఉదయం అంటే ఊరికి ఫోన్ చేసే వేళ. ఇక్కడ తొమ్మిదయితే అక్కడ వేసవిలో సాయంత్రం ఆరున్నర. నవంబరులో గడియారాలు మారాక ఏడున్నర. వీడియో కాల్ కలవగానే అటు నుంచీ ఇటు నుంచీ ఒకటే మాట: ‘మాకేం, బాగానే ఉన్నాం’. ఈ మాటను ఎంతవరకు నమ్మాలి?

రెండేళ్ల కిందట మా అమ్మ బాత్‌రూమ్‌లో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆ తర్వాత కూడా ప్రతి ఆదివారం మాతో నవ్వుతూనే మాట్లాడింది. నాన్న ఫోన్‌ను ఆమె ముఖానికి దగ్గరగా పట్టుకోవడంతో చేతికున్న కట్టు మాకు కనిపించలేదు. ‘కట్టు విప్పేశారు, ఇక కంగారుపడకు బాబూ’ అని పక్కింటి పిన్నిగారు మెసేజ్ పెట్టాకే సంగతి తెలిసింది. ఎందుకు చెప్పలేదని అడిగితే, ‘చెబితే అంత దూరం నుంచి నువ్వేం చేస్తావురా, నిద్ర చెడగొట్టుకోవడం తప్ప’ అంది అమ్మ.

కోపం వచ్చింది. కానీ కోప్పడే హక్కు నాకు లేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే నా ఉద్యోగం పోయింది. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజుల గడువు. ఆలోగా మరో సంస్థ మన తరఫున పిటిషన్ వేయాలి, లేదా మనమే వేరే స్టేటస్‌కు దరఖాస్తు చేసుకోవాలి. రెండూ కాకపోతే సామాను సర్దుకోవాలి. 43వ రోజున కొత్త ఆఫర్ వచ్చేదాకా మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్ర లేదు. ఊళ్లో మాత్రం ఎవరికీ తెలియదు. పన్నెండేళ్ల మా అమ్మాయికి కూడా ‘నానమ్మకు చెప్పొద్దు’ అని నేర్పాం. రేపు కాలేజీకి వెళ్లాక కష్టం వస్తే తను కూడా మాతో ‘బాగానే ఉన్నా’ అనే అంటుంది. నేర్పింది మేమే కదా.

దాచడం ప్రేమతోనే. కానీ ఆ భారం ఎవరో ఒకరు మోయాల్సిందే. నాకు ముందే తెలిసినా ఆ పరిస్థితిలో విమానం ఎక్కగలిగేవాణ్ణి కాదు, నిజమే. కనీసం ఓ వంటమనిషినైనా పెట్టించేవాణ్ణి. అన్ని వారాలూ నాన్నే వండి, అమ్మకు జడ కూడా వేశారట. ‘అన్నయ్యకు చెప్పకు’ అన్నారని మా చెల్లెలు ఆఫీసుకూ ఆస్పత్రికీ ఒక్కతే తిరిగింది.

పెద్దవాళ్లకు చెబితే బీపీ పెరుగుతుందని కొందరు అంటారు. కొట్టిపారేయలేం. అందుకే రోజూ ప్రతి చికాకూ చెప్పమని నేను అనను. ఏం జరిగిందో, దానికి మనం ఏం చేస్తున్నామో రెండూ కలిపి చెబితే చాలు. మన గొంతులో తేడాను వాళ్లు ఎలాగూ పసిగడతారు. కారణం తెలియకపోతే అంతకంటే ఘోరమైనదే ఊహించుకుంటారు.

ఇప్పుడు మా ఇంట్లో పద్ధతి మారింది. ‘ఎలా ఉన్నారు’ అని అడగడం మానేశాం. ‘ఈ వారం బీపీ ఎంత ఉంది? మాత్రలు ఎన్ని రోజులకు ఉన్నాయి?’ అని అడుగుతున్నాం. వాళ్లు వాడే మందుల జాబితా, డాక్టరు నంబరు, పక్కింటివాళ్ల నంబరు మా ఇద్దరి ఫోన్లలోనూ ఉన్నాయి. చెల్లెలితో విడిగా మాట్లాడుతున్నాను, ఆమె ఎలా ఉందో కూడా అడుగుతున్నాను. అన్నిటికంటే ముందు, మా సంగతి మేం చెబుతున్నాం. మనం దాస్తూ వాళ్లను చెప్పమంటే ఎందుకు చెబుతారు?

ఉద్యోగం పోయిన సంగతి ఆలస్యంగానైనా చెప్పినప్పుడు నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘ఇంటద్దెకు డబ్బు సరిపోయిందా?’ అని అడిగారు. ఆ మాట నేను 43 రోజుల ముందే విని ఉండాల్సింది.