ముఖానికీ కెమెరాకూ మధ్య అయిదడుగులు

ఖరగ్‌పూర్ పట్టణంలో మథురాకాటి రైల్వే క్వార్టర్సులో ఉన్న ఒక తెలుగువారి ఇంటికి ఇటీవల వెళ్ళాను. ముందుగదిలో గోడమీద ఆ ఇంటి తాతగారి పటం ఉన్నది. ఆయన రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయి, కొన్నేళ్ళ క్రితం కాలం చేశారు. పటంలో కళ్ళు ఉండవలసిన చోట రెండు నల్లని మచ్చలు మాత్రమే కనిపిస్తున్నాయి. పదవీ విరమణనాడు తోటి కార్మికులతో తీయించుకున్న గ్రూపు ఫొటోలోనుంచి ఆయన ముఖాన్ని వేరుచేసి పెద్దది చేయించారట. “ఇంతకు మించి మాకు ఆయన బొమ్మ లేదండీ” అన్నాడు మనుమడు.

మామ్మ విషయంలో ఇలా జరగరాదని ఆ యువకుడు జీతంలో మిగిల్చి, ఫుల్‌ఫ్రేమ్ డిజిటల్ కెమెరా ఒకటి కొన్నాడు. దానితోపాటు తీసుకున్న 35 మిల్లీమీటర్ల లెన్సుతో రెండడుగుల దూరంనుంచి మామ్మను ఫొటో తీశాడు. ఎనభయ్యో ఏడు దాటిన ఆ పెద్దావిడ బొమ్మను చూసి, “ఇదేట్రా, నా ముక్కు ఇంతుంటాదేటి?” అన్నదట. ముఖచిత్రాలకు ఏ లెన్సు కొనాలని అతడు నన్ను అడిగాడు. కొత్తగా కెమెరా కొన్న ప్రతివారికీ ఎదురయ్యే ప్రశ్న ఇది.

ముందుగా ఒక సంగతి గ్రహించాలి. మామ్మ ముక్కును పెంచినది లెన్సు కాదు, దూరం. మనిషి ముక్కు కొన చెవులకంటె సుమారు అయిదంగుళాలు ముందుకు ఉంటుంది. కెమెరా ముక్కుకు రెండడుగుల దూరంలో ఉంటే, ఆ ఇరవైనాలుగు అంగుళాలలో ఈ అయిదంగుళాలు అయిదో వంతు. అందుచేత చెవులతో పోల్చినప్పుడు ముక్కు దాదాపు 20 శాతం పెద్దదిగా పడుతుంది. అయిదడుగుల దూరానికి వెనుకకు జరిగితే ఆ తేడా 8 శాతానికి తగ్గిపోతుంది. మనం ఎదుటివారితో మాట్లాడేటప్పుడు ఇంచుమించు ఆ దూరంలోనే ఉంటాము గనుక, ఆ ముఖమే మనకు తెలిసిన ముఖం. మరీ దూరం పోయినా మేలు కాదు. పదిహేను, ఇరవై అడుగులనుంచి తీసిన ముఖం చదునుగా, వెడల్పుగా తోస్తుంది.

మరి లెన్సు చేసే పని ఏమిటి? నిలబడిన చోటినుంచి ఎంత మేరను చిత్రంలోకి తీసుకోవాలో అది నిర్ణయిస్తుంది. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో బొమ్మ పడే పలక 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. 1925లో వెలువడిన లైకా కెమెరా ప్రచారంలోకి తెచ్చిన ఫిల్ము కొలత ఇదే. కెమెరాను నిలువుగా పట్టుకుని, తల, భుజాలు నిండుగా వచ్చేటట్లు తీయడానికి 85 మిల్లీమీటర్ల లెన్సుతో సుమారు అయిదడుగుల దూరం కావాలి. 135 లెన్సుకు ఎనిమిదడుగులు కావాలి. 50 లెన్సుతో మూడడుగుల దగ్గరకు, 35తో రెండడుగుల దగ్గరకు పోవలసి వస్తుంది. ముఖచిత్రాలకు 85 అన్న మాట వాడుకలోకి రావడానికి కారణం ఇదే.

ఖరగ్‌పూర్ స్టేషనులో 1072 మీటర్ల పైచిలుకు పొడవైన ప్లాట్‌ఫాం ఉన్నది. 2013లో గోరఖ్‌పూర్ దానిని మించేవరకు ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా అది పేరు పొందింది; 2023లో హుబ్బళ్ళి ఆ రెంటినీ దాటింది. కాని అంత పొడవైన ప్లాట్‌ఫాం గల ఊళ్ళో, ఈ ఇంటి ముందుగది పొడవు పదడుగులు! అందులో కుర్చీకీ వెనుక గోడకూ మధ్య రెండున్నర అడుగులు వదలాలి. లేకపోతే గోడమీది క్యాలెండరు కూడా ముఖమంత స్పష్టంగా పడుతుంది. ఫొటో తీసేవాడు నిలబడడానికి మరో రెండడుగులు కావాలి. మిగిలినది అయిదున్నర అడుగులు. అంటే 85 లెన్సు ఈ గదిలో సరిగ్గా సరిపోతుంది, 135 సరిపోదు. మాత పూజల రద్దీలో దగ్గరకు పోవడానికి వీలులేనప్పుడు, లేదా ఆరుబయట, 135 పనికివస్తుంది.

ఇప్పటికే 50 లెన్సు ఉన్నవారు నిరాశ పడనక్కరలేదు. దానితోకూడా అయిదడుగుల దూరంలోనే నిలబడాలి. అప్పుడు నడుమువరకు బొమ్మ వస్తుంది. ముఖం పొందిక మాత్రం 85తో తీసినట్లే ఉంటుంది. ఆ బొమ్మలో ముఖం ఉన్న భాగాన్ని కత్తిరించుకుంటే, 24 మెగాపిక్సెళ్ళలో సుమారు ఎనిమిది మిగులుతాయి. పదంగుళాల పొడవు, ఎనిమిదంగుళాల వెడల్పు గల పటానికి అవి చాలు. దగ్గరకు జరగాలన్న కోరికను అణచుకోవడమే కష్టం.

ఇక వెలుతురు సంగతి. 1840లో వియన్నాలో జోసెఫ్ పెట్జ్‌వాల్ అనే గణితశాస్త్రజ్ఞుడు ముఖచిత్రాలకోసం ఒక లెన్సును లెక్కకట్టాడు. ఫోగ్ట్‌లెండర్ సంస్థ దానిని తయారుచేసింది. అంతకుముందు ఫొటోకు కూర్చున్నవారు నిమిషాల తరబడి కదలకుండా ఉండవలసి వచ్చేది. అతని లెన్సు వెలుతురును ఎన్నో రెట్లు ఎక్కువగా లోపలికి రానిచ్చి, ఆ నిరీక్షణను తగ్గించింది. నేడు దుకాణంలో మనను ఊరించే ఎఫ్ 1.8, ఎఫ్ 1.4 అంకెలు ఆ వెలుతురు ద్వారాన్ని తెలిపేవే. అంకె తగ్గినకొద్దీ ద్వారం పెద్దది, ధర కూడా పెద్దది. ఎఫ్ 1.4 లెన్సు 1.8 కంటె ఒకటిన్నర రెట్లకు కొంచెం పైగా వెలుతురును ఇస్తుంది. కాని బరువు చూడండి: సోనీ సంస్థ 85 లెన్సులలో ఎఫ్ 1.8 రకం 371 గ్రాములు. 2016లో వచ్చిన ఎఫ్ 1.4 రకం 820 గ్రాములు.

పైగా ద్వారాన్ని పూర్తిగా తెరిచినప్పుడు స్పష్టంగా పడే లోతు తగ్గిపోతుంది. 85 లెన్సును ఎఫ్ 1.8 వద్ద ఉంచి అయిదడుగులనుంచి తీస్తే ఆ లోతు మూడున్నర సెంటీమీటర్లకు మించదు. ముఖం ఒక పక్కకు తిరిగితే దగ్గరి కన్ను తేటగాను, దూరపు కన్ను మసకగాను పడుతుంది. ఎఫ్ 4 వద్ద లోతు ఏడెనిమిది సెంటీమీటర్లు ఉంటుంది. రెండు కళ్ళూ, ముడతలూ తేటగా వస్తాయి. పెద్దవారి ముఖంలో మనకు కావలసినవి అవే గదా! ఎలాగూ ఎఫ్ 4కు తగ్గించుకునే పనికి ఎఫ్ 1.4 కొని సొమ్మూ బరువూ మోయడం దేనికి? మసక వెలుతురులో తరచు తీసే వృత్తి ఫొటోగ్రాఫరుకు అది అవసరం. ఇంటివారికి 85, ఎఫ్ 1.8 చాలు.

నా సలహాపై ఆ యువకుడు కొనడానికి ముందే గోల్ బజారులోని ఒక స్టూడియోవారిని అడిగి అటువంటి లెన్సును ఒక పూటకు తెచ్చుకున్నాడు. మామ్మ కుర్చీని కిటికీ ప్రక్కకు జరిపాము. టేపుతో అయిదడుగులు కొలిచి నేలమీద సుద్దగీత గీశాము. శ్రీకాకుళం వైపునుంచి కొత్తకోడలిగా రైలెక్కి ఈ ఊరు వచ్చిన రోజును గురించి నేను అడిగాను. ఆమె చెబుతూ చెబుతూ కెమెరాను మరచిపోయింది. మనుమడు గీత దాటకుండా ఎఫ్ 4 వద్ద ఆరేడు బొమ్మలు తీశాడు.

వాటిలో ఒకదానిని ఆమె చేతికి ఇచ్చాము. కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసింది. తరువాత గోడమీది పటంవైపు తిరిగి, “ఇది నేనేరా. ఆయనకీ ఇలాటిదొకటి తీసుంటే ఎంత బాగుణ్ణు” అన్నది.