పైవరస ఎవరిది?

ఒకే కంప్యూటరు, దాన్లో విండోస్ ఒకటి, ఉబుంటు ఒకటి. ఇంజనీరింగ్ చదివే పిల్లలున్న ఇళ్ళలో ఇప్పుడిది మామూలే. మదనపల్లెలో మా ఇంట్లో అంతే, పుంగనూరులో మా చెల్లెలింట్లోనూ అంతే. ఆన్ చెయ్యగానే ఏది కావాలని అడుగుతూ ఒక పట్టిక వస్తుంది చూడండి, దాన్ని గ్రబ్ అంటారు. మామూలుగా 10 సెకన్లు ఆగుతుంది. మనమేమీ నొక్కకపోతే పైవరసలో ఉన్నదాన్లోకి వెళ్ళిపోతుంది. ఆ పైవరస ఉబుంటుది, అంటే అది ఎక్కించిన మా అబ్బాయిది. వాడుండేది బెంగళూరు హాస్టల్లో, వచ్చేది నెలకోసారి. రోజూ దాని ముందు కూర్చునే నాది మూడో వరస.

ఈ మాటంటే మా ఆయన నవ్వుతారు. "రెండు నిమిషాల పనికి ఇంత రాద్ధాంతమా?" అని. ఆ రెండు నిమిషాలు ఎవరివి? స్విచ్చి వేసి, పాలు పొంగుతున్నాయని అటు వెళ్ళి వచ్చేలోగా 10 సెకన్లు దాటిపోతాయి. వచ్చి చూస్తే ఉబుంటు. మళ్ళీ రీస్టార్టు, మళ్ళీ కాపలా.

"అమ్మా, నువ్వూ ఉబుంటులోనే రాసుకోవచ్చు కదా" అంటాడు వాడు. యూనికోడ్ తెలుగయితే దాన్లోనూ చక్కగా వస్తుంది, కాదనను. కానీ నాకు నాలుగు డబ్బులొచ్చేది ప్రశ్నపత్రాల టైపింగు మీద. ప్రెస్సు వాళ్ళకి అను ఫాంట్లలో చేసిన పేజ్‌మేకర్ ఫైలే కావాలి. అది విండోస్ సరుకు. ఆ అక్షరాల్ని ఉబుంటులో తెరిస్తే తెలుగు ఉండదు, ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనపడతాయి. పని పాతకాలపుదే కావచ్చు, దానికొచ్చే కూలి మాత్రం ఈ నెలదే.

వర్చువల్ మెషీన్ పెట్టుకుంటే ఒకదాన్లోనే రెండోది తెరుచుకోవచ్చంటారు. 4 జీబీ మెమరీ ఉన్న మా పాత పెట్టెలో అది ఒక్క పొయ్యి మీద రెండు గుండిగలు ఎక్కించినట్టే. హైబర్నేట్ కొంచెం నయం. తెరిచిన పనంతా డిస్కులో దాచి ఆగిపోతుంది, తిరిగొస్తే ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. కాకపోతే విండోస్‌ని అలా నిద్రపుచ్చి, ఉబుంటులోంచి దాని డ్రైవులో రాస్తే ఫైళ్ళు పాడయ్యే ప్రమాదముంది. అందుకే ఉబుంటు సాధారణంగా ఆ డ్రైవుని చదవనిస్తుంది గానీ రాయనివ్వదు. పుంగనూరులో ఫైలు సేవ్ కాలేదని వాళ్ళమ్మాయి రేగిపోయింది ఇందుకే. తిట్లు మాత్రం మా చెల్లెలికి, "నువ్వే ఏదో నొక్కుంటావు" అని.

గడియారం సంగతీ ఇంతే. ఉబుంటు యంత్రంలో గ్రీనిచ్ సమయం పెడుతుంది, విండోస్ దాన్నే మన సమయం అనుకుంటుంది. వాడు వాడుకుని వెళ్ళాక నేను తెరిస్తే, ఇంటర్నెట్టు అంది సరిదిద్దుకునేదాకా అయిదున్నర గంటలు వెనక. పొద్దున 10 గంటలకి 4:30 చూపిస్తుంది. దానికీ నన్నే అడుగుతారు!

కుప్పంలో మా వదినకి కిరాణా అంగడి ఉంది. అటు తమిళనాడు, ఇటు కర్ణాటక. ముగ్గురొస్తే మూడు భాషల్లో మాట్లాడుతుంది, చేతిలో పొట్లం ఆగదు. ఇలా ఇట్టే మారిపోవడం ఆడవాళ్ళకి పుట్టుకతో వస్తుందని అందరూ మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకోలు నాకు ఒంటికి పట్టదు. మీకు చేతనవును కదా అని, మారే శ్రమంతా మన నెత్తినే పెట్టడానికి అదొక సాకు.

వరస మార్చడం పెద్ద విద్యేం కాదమ్మా. ఉబుంటులో ఒక చిన్న సెట్టింగుల ఫైలుంది. గ్రబ్ డిఫాల్ట్ అన్నచోట సున్నా ఉంటుంది. లెక్క సున్నాతో మొదలు గనక మూడో వరస కావాలంటే 2 అని రాసి, అప్‌డేట్ గ్రబ్ అనే ఆదేశం ఇవ్వాలి. పట్టికలో మీది ఎన్నో వరసో ముందు చూసుకోండి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి, మార్చేది మాత్రం మీ చేత్తోనే మార్చండి.

మా ఇంట్లో వినాయక చవితి నుంచి విండోసే ముందు తెరుచుకుంటోంది. మొన్న సెలవులకి వచ్చిన అబ్బాయి ఫోను చూస్తూ 10 సెకన్లు దాటించుకున్నాడు.

"రెండు నిమిషాల పనే కదా నాయనా" అన్నాను.