ఆకుకి దక్కిన మర్యాద

పాత ఓడ ప్రయాణాల బొమ్మలంటే మనవాళ్ళకి భలే మోజు. తెరచాపలు, కొబ్బరిచెట్లు, ఒడ్డున దిగుతున్న టోపీ దొరలు, చేతులు చాచి నిలబడ్డ ద్వీపవాసులు. క్విజ్ పోస్టర్ మీదా ఇవే, ఫ్రేము కట్టి కేఫ్ గోడ మీదా ఇవే, ప్రజెంటేషన్‌లో 'చరిత్ర' అన్న స్లైడ్ వస్తే అక్కడా ఇవే. వీటి గురించి అడిగితే రెండు రకాల సమాధానాలు వస్తాయి. "కెమెరా లేని రోజుల్లో ఇవే ఫోటోలు కదా" అనేది ఒకటి. "అదంతా తెల్లవాళ్ళు అల్లిన కథ, వదిలెయ్" అనేది రెండోది. రెండూ బద్ధకపు మాటలే అంటాను నేను. ఒక బొమ్మలో ఎంత నిజం ఉంది, అది ఎక్కడ జారిపోయింది అన్నది పట్టుకోవచ్చు. కాస్త ఓపిక కావాలి, అంతే.

ముందు ఆ బొమ్మ ఎలా తయారయ్యేదో చూద్దాం, అది మన సబ్జెక్టే కాబట్టి. ఓడలో వెళ్ళిన చిత్రకారుడు పెన్సిల్‌తోనో రంగులతోనో గీసుకొస్తాడు. లండన్‌లో ఇంకొకడు దాన్ని పుస్తకానికి తగ్గట్టు మళ్ళీ గీస్తాడు. మూడోవాడు దాన్ని రాగిరేకు మీద సన్నని ఉక్కు పనిముట్టుతో గీత గీతగా చెక్కుతాడు. అదీ అద్దంలో చూసినట్టు కుడిఎడమలు తిప్పి. రేకంతా సిరా పూసి పైపైన తుడిచేస్తే గాడుల్లో మాత్రమే సిరా మిగులుతుంది. దాని మీద తడిపిన కాగితం వేసి రోలర్ల మధ్య గట్టిగా నొక్కితే ఆ సిరా కాగితానికి ఎక్కుతుంది. ఫస్టియర్ వర్క్‌షాప్‌లో చిన్న ఇనప ముక్కని చదరంగా ఆకురాయి పట్టడానికే మనం ఎన్ని తిప్పలు పడ్డామో గుర్తుందిగా! అలనీ, కనురెప్పనీ రాగిలో చెక్కినవాడికి దండం పెట్టాలనిపిస్తుంది. కాకపోతే ఆ చెక్కినవాడు పసిఫిక్ సముద్రాన్ని చూసి ఉండడు. చాలాసార్లు, మధ్యలో మళ్ళీ గీసినవాడూ చూసి ఉండడు.

1768లో ఇంగ్లండ్ నుంచి బయల్దేరిన కెప్టెన్ జేమ్స్ కుక్ ఓడ 'ఎండెవర్' సంగతే తీసుకోండి. జోసెఫ్ బ్యాంక్స్ అనే డబ్బున్న యువ వృక్షశాస్త్రజ్ఞుడు సొంత బృందంతో అందులో ఎక్కాడు. మొక్కలు గీయడానికి సిడ్నీ పార్కిన్‌సన్‌ని, మనుషుల్నీ ప్రదేశాల్నీ గీయడానికి అలెగ్జాండర్ బుకాన్‌ని వెంట తీసుకెళ్ళాడు. 1769 ఏప్రిల్‌లో తాహితీ చేరిన కొద్దిరోజులకే బుకాన్ చనిపోయాడు. ఆ పనిలో పెద్ద భాగం పార్కిన్‌సన్ నెత్తిన పడింది. అలా ఒకే చెయ్యి ఆకునీ గీసింది, మనిషినీ గీసింది. తిరుగు ప్రయాణంలో, 1771 జనవరిలో, పార్కిన్‌సన్ కూడా రక్త విరేచనాలతో సముద్రం మీదే పోయాడు. పాతికేళ్ళు దాటీ దాటని వయసు.

బొమ్మలు మాత్రం లండన్ చేరాయి. అక్కడి నుంచి వాటివి రెండు దారులు.

మొక్కల బొమ్మలు బ్యాంక్స్ దగ్గరే ఉన్నాయి. పార్కిన్‌సన్ సగంలో వదిలినవాటిని, అతను రాసుకున్న రంగుల గుర్తులూ ఎండబెట్టి తెచ్చిన కొమ్మలూ దగ్గర పెట్టుకుని వేరే చిత్రకారులు పూర్తి చేశారు. 18 మంది చెక్కుడు పనివాళ్ళు పదేళ్ళకి పైగా పనిచేసి 743 రాగిరేకులు తయారుచేశారు. ఈనె ఈనెకీ లెక్క ఉంది. బ్యాంక్స్ బతికుండగా ఆ పుస్తకం రానేలేదు. 1980 నుంచి 1990 దాకా అవే పాత రేకుల మీంచి రంగుల్లో అచ్చు తీశారు. రెండు శతాబ్దాలు దాటినా, చూసి మొక్కని పోల్చుకోవచ్చు.

ఇక మనుషుల బొమ్మలు. ఈ ప్రయాణ కథని రాయడానికి జాన్ హాక్స్‌వర్త్ అనే రచయితకి 6000 పౌన్లు ముట్టాయి. 1773లో మూడు సంపుటాలు వచ్చాయి. అందులో ఉలియెటియా దీవిలో, అంటే ఇప్పటి రయాతేయాలో, ఒక ఇంట్లో జరుగుతున్న నాట్యం బొమ్మ ఉంది. దాన్ని పుస్తకానికి గీసినవాడు చిప్రియానీ, చెక్కినవాడు బార్తొలొజ్జీ. ఇద్దరూ లండన్‌లో స్థిరపడ్డ ఫ్లారెన్స్ కళాకారులు. పని చూస్తే కళ్ళు చెదురుతాయి, అందులో సందేహం లేదు. కానీ ఆ ఒంపులు, ఆ మొహాలు, ఆ బట్టల మడతలు అన్నీ పాత గ్రీకు శిల్పాలవి. రయాతేయా ఆడపిల్ల మొహం దార్లో ఎక్కడో రాలిపోయింది.

రెండు దారుల్లోనూ రాగి అదే, పనితనం అదే. మరి తేడా ఎక్కడ? మొక్క బొమ్మ తప్పు వస్తే "ఈ ఆకు ఇలా ఉండదు" అనడానికి పక్కన ఎండుకొమ్మ ఉంది, దాన్ని పట్టుకుని నిలబడే శాస్త్రజ్ఞుడున్నాడు. "మా అక్క ఇలా ఉండదు" అనడానికి లండన్‌లో ఎవరూ లేరు. పుస్తకం కొనేవాడికి కావలసింది అందం. అది అందింది. మన భాషలో చెప్పాలంటే ఒక దారిలో టెస్టింగ్ ఉంది, రెండో దారిలో క్లయింట్ అప్రూవల్ మాత్రమే ఉంది.

నా మాటకి అడ్డొచ్చే బొమ్మ ఒకటుంది. ముఖమంతా పచ్చబొట్టున్న ఒక మావోరీ పురుషుణ్ణి పార్కిన్‌సన్ గీశాడు. అతని డైరీని 1773లో అన్న స్టాన్‌ఫీల్డ్ పుస్తకంగా వేసినప్పుడు ఆ చిత్రం కూడా చెక్కించాడు. ఆ పచ్చబొట్టు సుడులు ఎంత శ్రద్ధగా వచ్చాయో చూడాలి. కానీ నాకేమనిపిస్తుందంటే, అక్కడ కూడా చర్మం మీది డిజైన్ని ఆకు ఈనెల్లా చూశారు కాబట్టే అంత జాగ్రత్త దొరికింది.

ఆ రోజుల్లో అందరూ అలాగే చూసేవాళ్ళు, ఇప్పుడు తప్పుపట్టడం ఎందుకు అనేవాళ్ళుంటారు. అందరూ కాదు. కుక్ రెండో ప్రయాణంలో గియోర్గ్ ఫార్‌స్టర్ ఓడ ఎక్కినప్పుడు అతని వయసు 17, అంటే మన జూనియర్ల ఈడు. టోంగా దీవుల్లో దిగుతున్న దృశ్యాన్ని హాడ్జెస్ గీస్తే షెర్విన్ చెక్కాడు. ఆ బొమ్మ మీద ఫార్‌స్టర్ 1777లోనే తన పుస్తకంలో విరుచుకుపడ్డాడు: ఆ మొహాలూ ఆ జారే వస్త్రాలూ గ్రీకువి, అక్కడివాళ్ళవి కావు అని. అక్కడికి వెళ్ళొచ్చినవాడు, చూసినవాడు, అప్పుడే చెప్పాడు. అచ్చు ఆగలేదు.

ఇదంతా ఎక్కడో దూరపు గొడవ అనుకోకండి. ఇదే బ్యాంక్స్ తర్వాత మన కోస్తాకి కూడా వచ్చాడు, మనిషిగా కాదు, సంపాదకుడిగా. సామర్లకోటలో ఉన్న విలియం రాక్స్‌బర్గ్ ఇక్కడి చిత్రకారుల చేత మొక్కలు గీయించి పంపితే, బ్యాంక్స్ పర్యవేక్షణలో 1795 నుంచి కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకం వచ్చింది. మూడు సంపుటాలు, 300 బొమ్మలు. మొక్కల తెలుగు పేర్లు అడిగి మరీ రాశారు. మన సోమిద చెట్టు పేరు అలాగే లాటిన్ పేరుగా మారి ఇప్పటికీ వృక్షశాస్త్రంలో ఉంది. ఆ చెట్టుని గీసిన మనవాడి పేరు మాత్రం బొమ్మ కింద లేదు.

చాలా పాత బొమ్మల కింద ఎడమవైపు గీసినవాడి పేరు, కుడివైపు చెక్కినవాడి పేరు చిన్నక్షరాల్లో ఉంటాయి. పోస్టర్‌లో పెట్టేటప్పుడు మనం ముందు కోసేసేది ఆ వరుసనే. ఎవరు వెళ్ళారు, ఎవరు వెళ్ళలేదు అని తేల్చుకోవడానికి మనకున్న మొదటి ఆధారం అదే. దయచేసి దాన్ని ఉంచండి.

వచ్చే సంచిక కవర్‌కి ఇలాంటి బొమ్మే కావాలంటే నా ఓటు తుపాయాకి. రయాతేయాలో పుట్టిన పూజారి, నావికుడు. 1769లో తాహితీలో ఎండెవర్ ఎక్కాడు, ఓడలోనే రంగులు పట్టడం నేర్చుకున్నాడు, మరుసటి ఏడాది బటావియాలో చనిపోయాడు. అతని బొమ్మలు ఎవరివో తెలియనివిగా చాలాకాలం పడి ఉన్నాయి. తుపాయా తనని రొయ్య బేరమాడుతున్నట్టు గీశాడని బ్యాంక్స్ 1812లో రాసిన ఉత్తరం దొరికాక, 1997లో గానీ ఆ చెయ్యి ఎవరిదో తేలలేదు. ఆ బొమ్మ ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది, నెట్‌లో చూడొచ్చు. గీతలు కాస్త వంకరే. ఒక మావోరీ, ఒక ఇంగ్లీషువాడు ఎదురెదురుగా నిలబడ్డారు. ఒకరి చేతిలో పెద్ద సముద్రపు రొయ్య, ఇంకొకరి చేతిలో గుడ్డముక్క. అవతలిది చేతికొచ్చేదాకా తన చేతిలోది వదిలేలా ఇద్దరిలో ఎవరూ లేరు.