చర్చికి పునాది వేసే ముందు స్థలం కాగితం చూడండి

బెంగళూరు శివారు ఇంజనీరింగ్, నర్సింగ్ కాలేజీల్లో చదివే మన పిల్లల ప్రార్థన కూటాలు పెరుగుతున్నాయి. హాస్టల్ గదిలో పది మందితో మొదలై, కాలేజీ హాలు చాలక అద్దె మండపానికి మారిన అలాంటి కూటం ఒకటి ఇప్పుడు సొంత చర్చి కట్టుకోవాలనుకుంటోంది. "అంకుల్, స్థలం అగ్రిమెంటు ఒకసారి చూసిపెట్టండి" అంటూ నలుగురు పిల్లలు మా సంఘం ఆఫీసుకు వచ్చారు.

చూశాను. కొనేవారి చోట ఒక్క పెద్దాయన పేరే ఉంది. ఆయన మంచివారే, నా భయం ఆయన గురించి కాదు. ముప్పై ఏళ్ల కిందట మా పేటలో ఒక తెలుగు సంఘం చందాలతో స్థలం కొని, నమ్మకం మీద ఒకరి పేరున రిజిస్టర్ చేయించింది. ఆయన పోయాక వారసులు దాన్ని పంచుకున్నారు. చందా రసీదులు ఇప్పటికీ నా బీరువాలో ఉన్నాయి. స్థలం మాత్రం లేదు.

కాలేజీ కూటానికి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. విద్యార్థి నాలుగేళ్లకు వెళ్లిపోతాడు. ఈరోజు చందా ఇచ్చినవాడు గోడలు లేచేసరికి హైదరాబాదులోనో డల్లాస్‌లోనో ఉంటాడు. లెక్క అడిగే మనిషి ఊళ్లో ఉండడు. అందుకే ఆస్తి ట్రస్టు పేరునో సొసైటీ పేరునో ఉండాలి. సొసైటీకి కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. రెంటిలో ఏది తగినదో వకీలును అడగండి. పాలకవర్గంలో విద్యార్థులతో పాటు ఇక్కడే స్థిరపడ్డ కుటుంబాలవారూ ఉండాలి. ఏటా లెక్కలు ఆడిట్ చేయించి అందరి ముందూ చదవాలి.

ఇక భూమి సంగతి. శివార్లలో చవకగా దొరికే రెవెన్యూ సైట్లు చాలావరకు కన్వర్షన్ కాని వ్యవసాయ భూములే. బి ఖాతా ఉంటే పన్ను కట్టారని అర్థం, కట్టడానికి అనుమతి ఉందని కాదు. మెట్లో ఆర్చో రోడ్డు స్థలంలోకి జరిగినా చిక్కే. బహిరంగ స్థలాల్లో కొత్తగా ఏ మతం కట్టడమూ రాకూడదని సుప్రీంకోర్టు 2009లోనే ఆదేశించింది.

విదేశాల్లోని పాత విద్యార్థుల డబ్బు విషయంలోనూ జాగ్రత్త అవసరం. భారత పాస్‌పోర్టు ఉన్నవాడు తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాడు పంపితే విదేశీ విరాళమే. దానికి 2010 నాటి ఎఫ్‌సీఆర్ఏ చట్టం కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉండాలి.

చివరిది భాష. 2011 జనగణన ప్రకారం కర్ణాటకలో తెలుగు మాతృభాషగా గలవారు 35 లక్షలకు పైనే. అయినా మా మనవరాలు తెలుగు మాట్లాడుతుందే గాని చదవలేదు. పాటల పుస్తకం, బైబిలు తెలుగులో చేతికిస్తే ఆదివారం చర్చి కూడా ఒక బడే. కాబట్టి తెలుగు ఆరాధన, పిల్లలకు అక్షరాల తరగతి నియమావళిలోనే రాసుకోండి. లేకపోతే పదేళ్లకు భవనం మిగులుతుంది, తెలుగు మిగలదు. బోర్డు మీద మాత్రం కన్నడ పెద్దగా, పైన ఉండాలి. 2024 సవరణ చట్టం ట్రస్టుల బోర్డుల్లోనూ 60 శాతం కన్నడ ఉండాలంటోంది. చట్టం సంగతి అలా ఉంచినా, మనకు చోటిచ్చిన ఊరికి అది మర్యాద.

పిల్లలు అగ్రిమెంటు వెనక్కి తీసుకెళ్లారు. శంకుస్థాపన రెండు నెలలు ఆలస్యమవుతుందని కొందరికి కోపంగా ఉంది. ముప్పై ఏళ్ల కిందట మేమూ ఆ రెండు నెలలు ఆగి ఉంటే బాగుండేది.