నాలుగు తోకల సంసారం

వేసవికాలం వచ్చిందంటే పిల్లలకి సెలవులు, మగవాళ్ళకి విసుగు, మనకి ఆవకాయ, వడియాలు, అప్పడాలు. వీటికి తోడు ఇంట్లో నాలుగు కుక్కలు కూడా వుంటే ఆ ఇల్లాలి వైభవం వేరే చెప్పాలా? పైగా మేముండేది బెజవాడ. ఈ ఊరికి "బ్లేజ్‌వాడ" అని హాస్యానికి పేరు పెట్టినవారు ఊరికే పెట్టలేదు.

ముందు మా వాళ్ళని పరిచయం చేస్తాను. టైగరు పేరుకే పులి. తెల్లటి పామరేనియన్, వీధిలో టపాకాయ పేలితే మంచం కింద దూరుతుంది. రాణి పొడుగాటి ఒళ్ళూ పొట్టికాళ్ళూ వున్న డాషండ్. లడ్డు పగ్గు జాతిది. అణగిన ముక్కు, ముడతల మొహం, మా వారితో పోటీపడే గురక. ఇక కాళీగాడు. వీధిలో పుట్టి, ఒక వానరాత్రి మా గేటులో దూరి, ఆధార్ కార్డు లేకుండానే రేషను పొందుతున్నవాడు.

వీటికి ఎదురుగా మా అత్తగారు. ఆవిడకి మడి వుంది. వంటింటి గుమ్మం లక్ష్మణరేఖ. "గేటు దగ్గర వుండవలసిన వాటిని తెచ్చి నట్టింట్లో కూర్చోబెట్టారు" అని రోజుకి ఒకసారైనా అనకపోతే ఆవిడకి తోచదు.

వేసవిలో మా ఇంటి గడియారాన్ని కుక్కలే తిప్పుతాయి. తెల్లవారుజామున అయిదింటికే షికారు. ఏడు దాటితే ఎవరూ గేటు దాటకూడదు. సాయంత్రం పొద్దు గుంకినా తొందరపడకూడదు. చేతి వెనకభాగం తారురోడ్డు మీద ఆనించి ఏడు అంకెలు లెక్కపెట్టండి. పెట్టలేకపోతే వాటి పాదాలూ కాలుతున్నట్టే. చెప్పులు మనకున్నాయి గాని వాటికి లేవు గదా!

షికారు అయ్యాక వడియాల పని. పోయిన ఏడాది డాబామీద కాకుల కాపలాకి కాళీగాణ్ణి పెట్టారు మా వారు. ఒక్క కాకి వాలలేదు. కాని సాయంత్రానికి గుమ్మడి వడియాలు సగమే మిగిలాయి. కంచే చేను మేసిందన్నమాట. అవి ఉల్లి వడియాలు కాకపోవడం మా అదృష్టం. ఉల్లిపాయ కుక్కల రక్తాన్ని పాడుచేస్తుంది. ద్రాక్షపళ్ళు, కిస్‌మిస్‌లు కూడా వాటికి విషంతో సమానం. పిల్లలు రసాలు తినేటప్పుడు రాణి మీద ఒక కన్ను వేసి వుంచాలి. టెంక మింగితే పేగులో అడ్డం పడి ఆపరేషన్‌దాకా వెళుతుంది. అందుకే మా ఇంట్లో టెంకలకి మూతవున్న బక్కెట్టు వేరే వుంది.

టైగరు బొచ్చు చూసి, "పాపం, గుండు గీయిద్దాం" అన్నారు మా వారు. పశువుల డాక్టరుగారు వద్దన్నారు. ఆ బొచ్చే ఎండ నేరుగా చర్మానికి తగలకుండా కాస్తుందట. ఊడిన వెంట్రుకలు రోజూ దువ్వి తీస్తే చాలట. దువ్వేటప్పుడే పిడుదుల వేట కూడా సాగుతుంది. పిడుదు కుట్టినందువల్ల వచ్చే జ్వరాలు కుక్కల ప్రాణం తీస్తాయి.

ఇవన్నీ నవ్వుతూ చెప్పుకోదగ్గవి. నవ్వు రానిది ఒకటి వుంది.

రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. మే 25 ప్రాంతాల మొదలై రెండు వారాలుండే ఆ కార్తెలోనే ఒకరోజు మధ్యాహ్నం ఒంటిగంటకి కరెంటు పోయింది. మూడయినా రాలేదు. ఇన్వర్టరు కూడా చేతులెత్తేసింది. మిగతా మూడూ స్నానాలగది గచ్చుకి పొట్టలానించి పడుకున్నాయి. లడ్డు మాత్రం రొప్పుతూనే వుంది. నోటివెంట చిక్కటి జొల్లు. నాలుక కందిపోయింది. పిలిస్తే తూలుతూ రెండడుగులు వేసి, సరిగ్గా వంటింటి గుమ్మం దగ్గర కూలబడింది.

మనకి ఒళ్ళంతా చెమట పడుతుంది. అది ఆరితే ఒళ్ళు చల్లబడుతుంది. కుక్కకి చెమట దాదాపు పాదాలకే. వేడి పోవాలంటే రొప్పాలి. ముక్కు అణగిన జాతులకి ఆ రొప్పడం కూడా సరిగా సాగదు.

డాక్టరుగారికి ఫోను చేశాను. "ముందు చల్లబరచండి, తర్వాత బయల్దేరండి. ఒళ్ళంతా తడిపి గాలి విసరండి. తడిగుడ్డ కప్పి వుంచకండి, వేడి లోపలే నిలుస్తుంది. నోట్లో బలవంతంగా నీళ్ళు పొయ్యకండి" అన్నారు.

పంపు తిప్పితే డాబామీది ట్యాంకులోంచి కాగిన నీళ్ళు వచ్చాయి. ఫ్రిజ్‌లో సీసాలు పిల్లలు అప్పటికే ఖాళీ చేశారు. ఇంట్లో చల్లటి నీళ్ళంటే ఇక ఒక్కటే, అత్తగారి మడికుండ. నేను అడగటానికి నోరు తెరవనేలేదు. చూసేసరికి ఆవిడే చెంబుతో ముంచి లడ్డు పొట్టమీద పోస్తున్నారు.

"చూస్తావేమిటే అమ్మాయ్, విసనకర్ర అందుకో!"

కుండ ఖాళీ అయ్యేదాకా పోశారు. పావుగంట తాటాకు విసనకర్రతో విసిరాను. ఆస్పత్రికి చేరేసరికి జ్వరం ఇంకా 105 డిగ్రీల ఫారన్‌హీట్ వుంది. కుక్కకి మామూలుగా వుండవలసింది 101 నుంచి 102.5. రెండు రోజులు సెలైన్ ఎక్కించాక లడ్డు తోక ఆడించింది.

ఆ సాయంత్రం అత్తగారు తలస్నానం చేసి, కొత్తకుండ తెప్పించుకున్నారు. మడి మడే! "మరి ఆ కుండ..." అని నేను నసిగితే, "నన్నయగారి భారతం మొదట్లోనే ఏముందే? జనమేజయుడి తమ్ముళ్ళు ఏ తప్పూ చెయ్యని కుక్కపిల్లని కొడితే, దాని తల్లి సరమ జనమేజయుడి దగ్గరికే వచ్చి అడిగింది. చివర ధర్మరాజు కుక్కని వదిలి స్వర్గానికి రానన్నాడు. మొదలూ కుక్కే, చివరా కుక్కే. గుమ్మంలో పడ్డదాన్ని చూస్తూ కూర్చోమంటావా?" అన్నారు.

నోరున్నవాడు ఉక్కపోతని సణిగి చెబుతాడు. నోరులేనిదాని ఉక్కపోతని ఇంట్లో ఎవరో ఒకరు కనిపెట్టి వుండాలి. కుక్కలు లేని ఇళ్ళవారు కూడా గేటు బయట నీడలో ఒక మట్టితొట్టి పెట్టండి. రోజూ కడిగి నీళ్ళు మార్చండి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. కుక్కలున్నవారు రేబిస్ టీకా ఏటా మరవకండి.

మా తొట్టి అత్తగారే పెట్టించారు. వీధి కుక్కలన్నీ వచ్చి తాగుతున్నాయి. కాళీగాడు కూడా ఇంట్లో స్టీలుగిన్నె వదిలేసి అక్కడికే పోయి తాగుతాడు. ఎంతయినా పుట్టిల్లు పుట్టిల్లే కాబోలు!