పొట్ట సిరి కాదన్నా, లోపల రగిలే ఊక కుప్ప

ఈ మాట కొందరికి కోపం తెప్పిస్తుంది. అయినా చెప్పాల్సిందే.

మన ఊళ్ళో ఎవరికైనా పొట్ట వస్తే ఏమంటాం? "కలిసొచ్చిందిరా, మనిషి నిండాడు" అంటాం. షుగర్, బీపీ మాటెత్తితే "అవి కుర్చీలో కూర్చునేవాళ్ళ జబ్బులు, మట్టిలో బతికే మనకెందుకొస్తాయి" అంటాం. ఆ రెండు మాటలూ నేనూ అన్నవాడినే. రెండూ తప్పే.

అసలు మనం ఎంత ఒళ్ళొంచుతున్నాం? దుక్కి ట్రాక్టర్‌ది, కోత మిషన్‌ది, మోటారు ఆటో స్టార్టర్‌ది. చేను గట్టు దాకా బండి మీదే పోతాం. నాట్లు, కలుపు కూలికొచ్చే ఆడవాళ్ళవి. కంచంలో అన్నం మాత్రం నాగలి పట్టిన తాత తిన్నంత! "మా తాత నెయ్యి తాగి తొంభై ఏళ్ళు బతికాడు" అనే అన్నలకి ఒకటే అడుగుతున్నా: ఆయన నాగలి వెనక నడిచిన నడకలో నువ్వు సగమైనా నడుస్తున్నావా?

కాలికి ముల్లు గుచ్చుకుంటే ఎర్రగా వాస్తుంది. అది మంచిదే. ఒంట్లో కాపలా కణాలు వచ్చి పని ముగించుకుని పోతాయి, వాపు దిగుతుంది. పేగుల చుట్టూ పేరుకునే కొవ్వు సంగతి వేరు. ఆ కొవ్వు కణాలు ఉబ్బి ఉబ్బి కొన్ని చస్తాయి. వాటిని ఎత్తిపోయడానికి వచ్చిన కాపలా కణాలు అక్కడే మకాం వేసి, వాపు రసాయనాలు రక్తంలోకి వదులుతూనే ఉంటాయి. నొప్పి ఉండదు, జ్వరం రాదు. ఊక కుప్పకి నిప్పంటుకుంటే పైకి మంట కనపడుతుందా? లోపల రోజుల తరబడి రగులుతుంది. డాక్టర్లు క్రానిక్ ఇన్‌ఫ్లమేషన్ అనేది దీన్నే. 1993లో అమెరికాలో లావెక్కిన ఎలుకల కొవ్వులో టీఎన్ఎఫ్ ఆల్ఫా అనే అలాంటి రసాయనాన్ని పట్టుకున్నారు. దాని వల్ల ఇన్సులిన్ మాట ఒళ్ళు సరిగా వినదు. చక్కెర రక్తంలోనే మిగిలిపోతుంది. రక్తనాళాల గోడలూ పాడవుతాయి.

అందుకే ఇవన్నీ జట్టుగా వస్తాయి. నడుము మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటడం. బీపీ 130/85 కి చేరడం. పరగడుపు షుగర్ 100 కి, ట్రైగ్లిజరైడ్లు 150 కి చేరడం. మంచి కొలెస్ట్రాల్ మగవాళ్ళకి 40, ఆడవాళ్ళకి 50 కంటే తగ్గడం. ఈ ఐదింటిలో మూడుంటే మెటబాలిక్ సిండ్రోమ్. అక్కడి నుంచి షుగర్, గుండెపోటు ఎంతో దూరం ఉండవు.

"నేను సన్నగానే ఉన్నా" అనుకునే తమ్ముళ్ళూ, కాళ్ళూ చేతులూ పుల్లల్లా ఉండి పొట్ట ఒక్కటే ముందుకొస్తే అదీ ప్రమాదమే. మన దేశపు ఒళ్ళు సన్నగా కనిపిస్తూనే లోపల కొవ్వు దాచుకుంటుంది.

ఇక సూదుల సంగతి. పోయిన ఎండాకాలం మోకాళ్ళ నొప్పులకి నెలకో సూది వేయించుకున్నా. రెండో రోజుకే హాయి. తర్వాత చూపించుకుంటే పరగడుపు షుగర్ 168. "ఏం సూది వేశారు?" అని డాక్టర్ అడిగితే పేరు కూడా చెప్పలేకపోయా. చేలో కొట్టే మందు డబ్బా మీద పేరు చదువుతాం, ఒంట్లోకి పోయేదాని పేరు అడగం! స్టెరాయిడ్ సూది షుగర్ పెంచుతుంది. నొప్పి బిళ్ళలు అదేపనిగా మింగితే కిడ్నీలు పోతాయి. పొట్టలో రగిలే నిప్పు మాత్రం ఆరదు.

ఆర్పేది మనమే. షుగర్ అంచున ఉన్నవాళ్ళ మీద అమెరికాలో చేసిన పెద్ద పరిశోధన ఫలితం 2002లో వచ్చింది. బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడవడం లక్ష్యంగా పెట్టుకున్నవాళ్ళలో షుగర్ వచ్చే ముప్పు 58 శాతం తగ్గింది. 80 కిలోల మనిషికి అది ఐదున్నర కిలోలు. ఒక ముద్ద అన్నం తగ్గించి పప్పు, కూర పెంచండి. కందులు, పెసలు మొత్తం అమ్మేయకుండా ఇంటికి ఉంచుకోండి. చేనుకి నడిచి పోండి. వాడుతున్న మాత్రలు మాత్రం సొంతంగా మానొద్దు.

ఈ రాత్రికే ఒక దారం తీసుకుని బొడ్డు దగ్గర చుట్టి కొలవండి. ఎకరానికి ఎన్ని బస్తాలో నోటికి చెప్తాం. మన నడుమెంతో మనకి తెలీకపోతే ఎలా అన్నా?